త్రిభుజం కింద ముసల్లస్
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన బడిలో భాషల గురించి, మంచితనం గురించి మాట్లాడమన్నారు. ఇంజనీరు గనుక తొందరగా ముగిస్తాడని అనుకున్నట్టున్నారు. చూద్దాం.

పాతబస్తీలో భాషల సంగతి చార్మినార్ కట్టిన 1591 కంటే పాతది. అంతకు ముందే గోల్కొండలో ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవులను ఆదరించాడు. వాళ్లు ఆయన్ని ముద్దుగా మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరుడు తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నెగంటి తెలగన రాసిన యయాతి చరిత్ర తొలి అచ్చ తెలుగు కావ్యం. దాన్ని అంకితం పుచ్చుకున్నది అమీన్ ఖాన్! తెలుగు సార్ ఈ మాట చెప్పిన రోజు మా క్లాసులో ఎవరూ నమ్మలేదు.

నమ్మకపోవడానికి కారణం ఉంది. మనది ఒకే ప్రహరీ, ఒకే నల్లా, ఒకే మైదానం. కానీ తెలుగు మీడియం ఒకవైపు, ఉర్దూ మీడియం ఇంకోవైపు. ఇంటర్వెల్‌లో సమోసాల బండి దగ్గర తప్ప కలిసేది తక్కువ. అయినా బడిలో మేం వాడే మాటలు చూడండి. హాజరు, కలం, కాగితం, మైదానం, జవాబు. అన్నీ అటునుంచి వచ్చినవే. ఒకసారి ఉర్దూ సెక్షన్ పిల్లవాడు మావాడి దగ్గరకొచ్చి "ఏక్ సవాల్ హై" అన్నాడు. పాపం, వాడు అడగబోయింది ప్రశ్న. మావాడు పందెమనుకుని చొక్కా చేతులు పైకి మడిచాడు! అటు ఇటు చెప్పగలిగిన మార్వాడీ దుకాణం అబ్బాయి మధ్యలో నిలబడకపోతే ఆ రోజు ప్రశ్న ప్రశ్నగా మిగిలేది కాదు.

1984లో నేను పదో తరగతి. ఆ ఏడాది కర్ఫ్యూ రోజులు ఇక్కడున్న చాలామందికి యాదికి ఉంటాయి. కర్ఫ్యూ ఎత్తేసినా మూసీ దాటి రావడానికి జనం జంకేవాళ్లు. మా లెక్కల సార్ ఇల్లు నది అవతల. ముందు పబ్లిక్ పరీక్షలు. అప్పుడు ఉర్దూ సెక్షన్ లెక్కల సార్ మా గదిలోకి వచ్చారు. ఎవరు పంపారో, తనంతట తానే వచ్చారో ఇప్పటికీ నాకు తెలియదు. ఆయనకు తెలుగు వినడం కొంచెం వచ్చు, చదవడం రాదు.

బోర్డు మీద బొమ్మ గీసి "ముసల్లస్" అన్నారు. మేం మొహాలు చూసుకున్నాం. "తెలుగు మే క్యా బోల్తే?" అని నన్ను లేపారు. త్రిభుజమన్నాను. "ఆకే లిఖో" అన్నారు. అలా రోజూ ఆయన పక్కనే చాక్‌పీసు పట్టుకుని నిలబడేవాణ్ణి. ఆయన దాయిరా అంటే నేను వృత్తమని, ఆయన జావియా అంటే నేను కోణమని రాసేవాళ్లం. పైన నా తెలుగు, కింద ఆయన ఉర్దూ. నా రాత కుడివైపు పోతుంటే ఆయన రాత ఎడమవైపు వచ్చేది. మధ్యలో మా మోచేతులు తగిలేవి.

కొన్నాళ్లకు ఆయనే "తిర్భుజం" అన్నారు. వెనక బెంచీలు ఘొల్లున నవ్వాయి. ఆయన కోప్పడలేదు. "పూరా బోల్నే దో, ఫిర్ హస్నా" అన్నారు. మాట పూర్తికానివ్వండి, తర్వాత నవ్వుకోండి అని. అది మా క్లాసులో సామెత అయిపోయింది. పాలమూరు నుంచి వలస వచ్చిన పిల్లవాడు పుస్తకంలో లేని తెలుగులో జవాబు చెప్పినా, బార్కస్ పిల్లవాడు తెలుగులో ఆడ, మగ కలిపేసినా, ఎవరో ఒకరు "పూరా బోల్నే దో" అనేవాళ్లు. మంచితనం గురించి చెప్పమంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

అవతలివాళ్ల మాట పూర్తికాకముందే నవ్వితే ఏమవుతుందో ఈ నగరం చూసింది. 1921 నవంబరులో వివేకవర్ధనిలో జరిగిన సంఘ సంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు గారనే వకీలు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి సాగనివ్వలేదు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తర్వాత కథ మీకు తెలుసు.

ఇక ఇప్పటి సంగతి. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియాలో వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలో చెప్పారు. ఆ రోజులు 1948తో పోయాయి. 2022-23 నుంచి సర్కారు బడుల్లో కూడా ఇంగ్లీషు మీడియం వచ్చింది. నేను దానికి వ్యతిరేకిని కాను, ఇంగ్లీషుతోనే అన్నం తిన్నాను. అటు పిల్లలు, ఇటు పిల్లలు ఒకే గదిలో కూర్చునే వీలు దానివల్లే వచ్చింది. ఇప్పుడు ఇద్దరికీ అది ట్రయాంగిల్. అయితే ముసల్లస్ అంటే ఏమిటని అడిగే పని ఎవరికీ లేకుండా పోయింది. 2018 చట్టంతో అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది, సంతోషం. కానీ అది ఒకవైపు నడక. తెలుగు పిల్లవాడు పక్క దుకాణం ఉర్దూ బోర్డు చదవలేకుండానే పెద్దవాడవుతున్నాడు.

స్వర్ణోత్సవ నిధితో బడికి ముఖద్వారం కట్టాలని కమిటీలో ఒక మాట ఉంది. డ్రాయింగు నన్నే వేయమన్నారు. వేసిస్తాను, ఫీజు తీసుకోను. కానీ సిమెంటు, ఇనుము ధరలు తెలిసినవాడిగా చెబుతున్నాను, ఆ డబ్బు వేరే పనికి ఇంకా ఎక్కువ కాలం వస్తుంది. ప్రతి శనివారం మధ్యాహ్నం రెండు గంటలు ఒక గదిలో తెలుగు పిల్లలకు ఉర్దూ అక్షరాలు, ఉర్దూ పిల్లలకు తెలుగు అక్షరాలు. సగం పాఠం పిల్లలే ఒకరికొకరు చెప్పుకోవాలి. ఇద్దరు రిటైర్డ్ టీచర్లకు గౌరవ వేతనం, చాక్‌పీసులు, పలకలు, నెలకోసారి సమోసాలు. ముఖద్వారం వద్దనడం లేదు, వచ్చే ఏడాది కట్టుకుందాం.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. బయట టీ బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టించాను. నేర్పేవాళ్లు ఒక పేజీలో, నేర్చుకునేవాళ్లు ఇంకో పేజీలో పేర్లు రాయండి. నేను ఉర్దూ మాట్లాడతాను గానీ చదవలేను. కాబట్టి రెండో పేజీలో మొదటి పేరు నాది.