ట్యాంకరు నీళ్లు పట్టుకున్నాక

ఎండాకాలం వస్తే మార్కాపురం, గిద్దలూరు వైపు ట్యాంకరు కోసం బిందెలు వరుస కడతాయి. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు ప్రతి గడపకూ చేరేదాకా ఇంట్లో నీళ్లు నిల్వ పెట్టుకోక తప్పదు. తాగే నీళ్ల బిందెకు మూత పెట్టండి. చెయ్యి ముంచకండి, పొడుగు కాడ గరిటెతో తీయండి.

ఇక వాడుక నీళ్ల డ్రమ్ము. వారానికోసారి ఖాళీ చేసి, లోపలి గోడల్ని పీచుతో గట్టిగా రుద్దండి. డెంగీ దోమ గుడ్లు ఆ గోడలకే అంటుకుని ఉంటాయి. వంచేస్తే చాలదు, రుద్దాలి. ఇంత కష్టపడి పట్టిన నీళ్లు పారబోయడానికి మనసొప్పదు, నిజమే. మొక్కల మొదట్లో పోయండి.

ఇంకో మాట. మన పడమటి పల్లెల్లో చాలా బోర్లలో ఫ్లోరైడు ఉంది. కాచినా అది పోదు. నీళ్లు ఇగిరేకొద్దీ దాని గాఢత ఇంకా పెరుగుతుంది. అలాంటి బోరు నీళ్లు వాడకానికే ఉంచండి. తాగడానికి మాత్రం ఫ్లోరైడు తీసిన నీళ్లే దాచుకోండి.