మగ్గాల వీథులలో స్వాతంత్ర్య సమర స్మృతి



బ్రతుకుతెరువుకై తెలంగాణము నుండి షోలాపూరు చేరిన పద్మశాలి కుటుంబములు మగ్గముతో పాటు మాతృభాషను కూడ వెంట తెచ్చుకొన్నవి. తాత తెల్లదొరల నెదిరించి జైలుకు పోయినాడన్న మాట కొన్ని ఇండ్లలో తరతరములుగా నిలిచియున్నది. ఎప్పుడు, ఏ నేరముపై, ఎన్ని నెలలు అని మనుమడు ప్రశ్నించినచో సమాధానము దొరకదు. చెప్పగలిగిన పెద్దలు గతించినకొలది ఆ మాట కూడ మాసిపోవును.

వెదకువారికి ముందు చరిత్ర తెలియవలెను. 1930 మే నెలలో గాంధీ మహాత్ముని నిర్బంధించిన వార్త విని షోలాపూరు మిల్లు కార్మికులు, ప్రజలు వీథులలోనికి వచ్చినారు. మే 8న పోలీసు కాల్పులు జరిగినవి. ప్రజాగ్రహమునకు పోలీసులు కూడ బలియైనారు. కొన్ని దినములు పట్టణము ప్రజల అధీనములో నుండెను. మే 12న ప్రభుత్వము సైనిక శాసనము విధించి, జూన్ 30 వరకు కొనసాగించినది. పోలీసులను చంపినారను అభియోగముపై మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సారడా, జగన్నాథ శిందే, కుర్బాన్ హుసేన్ అను నలుగురిని 1931 జనవరి 12న యెరవాడ జైలులో ఉరితీసినారు.

ఈ నలుగురిని పట్టణము మరువలేదు. వారి కాలములో శిక్షలనుభవించిన సామాన్యుల జాడను మాత్రము కోర్టు, జైలు, పోలీసు కాగితములలో వెదకవలెను. పాత ప్రభుత్వ పత్రములకు ముంబయిలో మహారాష్ట్ర రాష్ట్ర అభిలేఖాగారము, ఢిల్లీలో జాతీయ అభిలేఖాగారము గలవు. పూర్వీకుడు ఆజాద్ హింద్ ఫౌజులో చేరినాడను కుటుంబములకు కూడ ఢిల్లీ పత్రములు ఉపకరించును.

అచ్చట ఒక చిక్కు ఎదురగును. తెలుగువారు ఇంటిపేరు ముందు వ్రాసుకొందురు. మరాఠీ పద్ధతిలో అది చివర వచ్చును, నడుమ తండ్రి పేరుండును. ఇంగ్లీషు అక్షరములలో ఒకే నరసయ్య పలు రూపములు దాల్చును. కావున అన్ని విధములుగా వెదకవలెను. అయితే పేరు కలిసినంతనే ఆయనే తాతయని నిశ్చయింపరాదు. తండ్రి పేరు, పేట, వయస్సు, వృత్తి కూడ సరిపోవలెను.

1972 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు సామాన్యముగా ఆరు నెలల జైలువాసము అర్హత. నాలుగు నెలలు శిక్షననుభవించిన కార్మికునికి ఆ అర్హత లేకపోవచ్చును. అంతమాత్రమున ఆయన త్యాగము తక్కువ కాదు. అట్లే, గౌరవము కొరకు లేని శిక్షను కల్పించి చెప్పుట నిజముగా జైలుకు పోయినవారికి అన్యాయము. విన్నది విన్నట్లుగా, రుజువైనది రుజువైనట్లుగా వేరుచేసి వ్రాయుటయే పితృదేవతలకు నిజమైన తర్పణము.

విద్యార్థులారా! ఈ సెలవులలో అవ్వ తాతల చెంత కూర్చుండి, వారు చెప్పినది తేదీ వేసి వ్రాసుకొనుడు. ఎవరు చెప్పినారో కూడ వ్రాయుడు. పాత పెట్టెలలోని జీర్ణపత్రములను పారవేయనీయకుడు. నేత ఎరిగిన ఇంటి బిడ్డలకు తెగిన పోగును వెదకి అతుకుట క్రొత్త విద్య కాదు.