అంగన్‌వాడీ కప్పు సంగతి మనమే అడగాలి
(ధరూర్ మండల సభలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర, సీడు పత్తి లెక్కలు, కాల్వ నీళ్లు మాట్లాడుకునే సభలో అంగన్‌వాడీ బిల్డింగు ముచ్చట ఎందుకని కొందరు అడిగారు. మన నడిగడ్డలో సీడు పత్తి క్రాసింగ్ ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదనే నడుస్తుంది. మిరపకాయ ఏరేదీ వాళ్లే. తల్లి పొద్దున్నే చేనుకు పోతే మూడేండ్ల పిల్ల ఎక్కడుండాలి? సెంటర్లో ఉడికిపోతుంటే ఆ పిల్లను మందు కొట్టిన చేను గట్టు మీద కూర్చోబెట్టాలి, లేదంటే పెద్దపిల్లను బడి మాన్పించి కాపలా పెట్టాలి. అందుకే ఇది మన ముచ్చట.

అదే గదిలో ఆరోగ్యలక్ష్మి భోజనానికి గర్భిణులు, బాలింతలు కూడా కూర్చుంటారు. ఏప్రిల్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చిన్న ఒళ్లు మనకంటే తొందరగా వేడెక్కుతుంది, దాహమైతుందని చెప్పడం కూడా ఆ వయసుకు సరిగ్గా రాదు. రేకుల కప్పయితే పది గంటలకే కుంపటి. స్లాబయితే పొద్దటి నుంచి వేడి తాగి, మధ్యాహ్నం దాటినాక కిందికి వదులుతుంది. అప్పుడే పిల్లలను పడుకోబెట్టేది. ఫ్యాను తిప్పేదీ ఆ వేడిగాలినే. రేవులపల్లి దగ్గర జూరాలలో 234 మెగావాట్ల కరెంటు కేంద్రం మన మండలంలోనే ఉంది కదా, ఏసీ పెట్టిస్తే పోదా అనేవాళ్లూ ఉన్నారు. బిల్లు ఎవరు కట్టాలి? కరెంటు పోయిన రోజు ఏం చేయాలి?

మన పెద్దలు కట్టిన మట్టి మిద్దెలు చూడండి. మందం గోడ, దూలాలు, పైన చవుడు మట్టి. ఎండాకాలంలో లోపల చల్లగుండేది. అట్లని మళ్లీ మట్టి మిద్దె కట్టమని మేం అనడం లేదు. ఏటా వానల ముందు పైన మట్టి పోయాలి, తేళ్లు చేరుతాయి, పిల్లలుండే చోట అది కుదరదు. ఎండను గోడ దగ్గర, కప్పు దగ్గరే ఆపాలన్న తెలివి మాత్రం అక్కడిదే.

కేరళలో పనిచేసిన లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు ఇటుకలను నిలువుగా పేర్చి, మధ్యలో ఖాళీ వదిలి గోడలు కట్టించేవాడు. ఇటుక దాదాపు పావు వంతు మిగులుతుంది, మధ్యలోని గాలి వేడిని ఆపుతుంది. మన మేస్త్రీలు ఒకసారి చూస్తే పట్టేసే పని ఇది. పొడుగు గోడలు ఉత్తరం, దక్షిణం వైపు ఉంటే ఎండ తక్కువ తగులుతుంది. పడమర వైపు వరండా, దాని ముందు వేపో కానుగో ఉండాలి. వంట గది వేరుగా ఉండాలి. కిటికీలు ఎదురెదురుగా, నేలకు రెండడుగుల ఎత్తులోనే మొదలుకావాలి, గట్టి చువ్వలతో. ఇప్పుడు పెద్దవాళ్ల రొమ్ము ఎత్తులో పెడుతున్నారు. గాలి వస్తుంది గానీ కింద కూర్చున్న పిల్లల తలల మీది నుంచి పోతుంది.

కప్పు మీద తెల్ల సున్నం కొడితేనే చాలా తేడా వస్తుంది, కాకపోతే ఏటా కొట్టాలి. తెల్ల పింగాణీ ముక్కలు పరిస్తే ఏండ్ల తరబడి ఉంటుంది. ఇది మనం కొత్తగా కోరే కోరిక కాదు. 2023లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ పాలసీలో ప్రభుత్వ భవనాలకు చల్ల కప్పు తప్పనిసరి అని రాశారు. అంగన్‌వాడీ ప్రభుత్వ భవనం కాదా?

ఇక డబ్బు. సక్షమ్ అంగన్‌వాడీ కింద కేంద్రం ఒక్కో భవనానికి ఖర్చును 7 లక్షల నుంచి 12 లక్షలకు పెంచినప్పుడు, అందులో 8 లక్షలు ఉపాధి హామీ నుంచి, 2 లక్షలు 15వ ఆర్థిక సంఘం నిధుల నుంచి అని లెక్క వేసింది. అంటే కూలీల పద్దు, పంచాయతీ పద్దు. మన పద్దులోంచి కట్టే గదికి కిటికీ ఎక్కడ పెట్టాలో మనం అడగకూడదా? ఎస్టిమేట్ ఆఫీసులో తయారై వచ్చాక మార్చమంటే ఎవరూ మార్చరు. అంతకు ముందే గ్రామసభలో తీర్మానం పడాలి. సొంత భవనం ఉన్న ఊళ్లో ఈ ఫిబ్రవరిలోగా కప్పుకు సున్నం కొట్టించమనండి. అద్దె గదిలో, రేకుల కింద నడిచే సెంటర్ల పేర్లు ఊరివారీగా రాసి మండల కమిటీకి ఇవ్వండి. తీర్మానం నమూనా కాగితాలు బల్ల మీద ఉన్నాయి, పోయేటప్పుడు ఊరికొకటి తీసుకుపోండి.