ఆడ వరుసలో పచ్చటి పుప్పొడి కనిపిస్తే బాధ్యత ఎవరిది?

(విత్తన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరీంనగర్, వరంగల్ ప్రాంతాల్లో మనలో చాలామందిమి కంపెనీలకు హైబ్రిడ్ వరి విత్తనం పండిస్తున్నాం. ఆడ, మగ వరుసలు నాటుతాం. పూతప్పుడు పొద్దెక్కాక అరగంటకోసారి తాడు లాగుతాం. కానీ ఆ వరుసల్లో ఏం జరుగుతుందో మనకెవరూ విడమరచి చెప్పరు. అది తెలియకుండా ఒప్పందం మీద సంతకం పెట్టడం కళ్లకు గంతలు కట్టుకుని బావి గట్టున నడవడమే.

వరి పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. తన పుప్పొడితోనే గింజ కడుతుంది. ఎకరాల కొద్దీ పూలలో మగ భాగం చేత్తో తీయడం అయ్యే పని కాదు. 1970లో చైనాలోని హైనాన్ దీవిలో యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి పుప్పొడి పనిచేయని అడవి వరి మొక్క దొరికింది. హైబ్రిడ్ వరికి అదే దారి చూపింది.

ఆ గొడ్డుతనం కణంలోని మైటోకాండ్రియాలో ఉంటుంది. అది తల్లి నుంచే దిగుతుంది. అదే ఏ లైన్, మన ఆడ వరుస. దాని విత్తనం నిలబెట్టడానికి బీ లైన్ కావాలి. బీ లైన్ చూడ్డానికి ఏ లైన్ లాగే ఉంటుంది, పుప్పొడి మాత్రం బాగుంటుంది. మూడోది ఆర్ లైన్, మన మగ వరుస. దీని కేంద్రకంలో గొడ్డుతనాన్ని అణచే జన్యువులుంటాయి. వరిలో ముఖ్యమైనవి ఆర్ఎఫ్3, ఆర్ఎఫ్4. తండ్రి ఇచ్చిన ఈ జన్యువుల వల్లే హైబ్రిడ్ పొలంలో వెన్ను నిండుతుంది. అవి అందకపోతే మిగిలేది తాలే. హైబ్రిడ్ పంట గింజను మళ్లీ విత్తితే కొన్ని మొక్కలకు ఆ జన్యువులు అందవు. ఏటా విత్తనం కొనాల్సి రావడానికి ఇదీ ఒక కారణం.

ఇక మన జేబు సంగతి. కంపెనీ ఇచ్చిన ఆడ విత్తనంలో బీ లైన్ కలిసి ఉంటే ఆ మొక్కలు ఆడ వరుసలోనే పుప్పొడి రాలుస్తాయి. స్వచ్ఛత పరీక్షలో విత్తనం తప్పుతుంది. కేళీలు సరిగా తీయలేదని నేరం మన మీదకు వస్తుంది, డబ్బు ఆగిపోతుంది. కేళీలు తీయడం మన పనే, కాదనం. కానీ సంచిలోనే కల్తీ వస్తే ఆ నష్టం రైతు నెత్తిన వేయడం అన్యాయం.

అందుకే పూత మొదలవగానే రోజూ ఆడ వరుస చూద్దాం. గొడ్డు మొక్క పుప్పొడి తిత్తులు తెల్లగా, ముడుచుకుని ఉంటాయి. పచ్చగా, బొద్దుగా కనిపిస్తే బీ లైన్ అని అనుమానించాలి. లెక్కపెట్టి, ఫోటో తీసి, కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి, తర్వాతే పీకేద్దాం.

మన డిమాండ్లు మూడు. ఒప్పందం తెలుగులో ఉండాలి, ఒక ప్రతి రైతుకివ్వాలి. తల్లిదండ్రుల విత్తనం ఇచ్చేటప్పుడే ఇరుపక్షాల ఎదుట నమూనాకు సీలు వేయాలి. మూల విత్తనంలో లోపముంటే నష్టం కంపెనీయే భరించాలి.

హైబ్రిడ్ కొని సాగుచేసే రైతుకూ ఒక మాట. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం, నమోదైన రకం చెప్పినంత ఫలితం ఇవ్వకపోతే పరిహారం అడగవచ్చు. బిల్లు, ఖాళీ సంచి, దాని మీది చీటీ పంట ఇల్లు చేరేదాకా పారేయొద్దు.

పుప్పొడి గుట్టు తెలిసిన రైతుని దబాయించడం తేలిక కాదు. ఈ సీజన్ ఒప్పందాల మీద ఒంటరిగా సంతకాలు పెట్టొద్దు. ఊరంతా కలిసి కూర్చుని చదివాకే పెడదాం.