తట్టుకు రెండు డోసులు

ధర్మపురి, కృష్ణగిరి వైపు మన తెలుగిళ్ళలో పిల్లలకు ఒళ్ళంతా తట్టు లేస్తే గుమ్మానికి వేపమండలు కట్టి, అమ్మవారు శాంతించేదాకా ఆగుదామనేవాళ్ళు ఇంకా ఉన్నారు. భక్తి ఉండనివ్వండి, బిడ్డను మాత్రం ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఈ జబ్బు న్యుమోనియాలోకి దిగితే ప్రాణం మీదికొస్తుంది.

2017 ఫిబ్రవరిలో తమిళనాడులో 15 ఏళ్ళలోపు పిల్లలకు మీజిల్స్ (తట్టు)-రుబెల్లా టీకా మొదలుపెడితే, వాట్సాప్ పుకార్లు నమ్మి చాలామంది తల్లిదండ్రులు వెనకాడారు. చివరికి గడువు పెంచాల్సి వచ్చింది. కోవిడ్ రోజుల్లో టీకాలు మళ్ళీ తప్పాయి. 2022లో ముంబయిలో తట్టు విజృంభించి పసివాళ్ళను పొట్టన పెట్టుకుంది.

రోగి దగ్గి వెళ్ళిపోయినా ఆ గదిగాలిలో వైరస్ రెండు గంటలదాకా ఉంటుంది. అందుకే నూటికి 95 మందికి రెండు డోసులూ పడాలి.

టీకా పొడిని ద్రవంలో కలిపాక అది నాలుగు గంటలే పనికొస్తుంది. అందుకే నర్సమ్మ రమ్మన్న వేళకే వెళ్ళండి. తొమ్మిది నెలలు నిండగానే మొదటిది, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రెండూ ఉచితం. ఈ రాత్రే పాప టీకా కార్డు తీసి చూడండి. రెండో గడి ఖాళీగా ఉంటే రేపే నర్సమ్మకు కబురు చేయండి.