మలబద్ధకం – ఆసనంలో చీలిక



ఈ విషయం సభలో మాట్లాడితే కొందరు తల దించుకుంటారు. దాచుకుని బాధపడేవాళ్ళూ వాళ్ళే, ముఖ్యంగా కాన్పయిన ఆడవాళ్ళు.

గట్టిపడిన మలాన్ని ముక్కి వెళ్ళగొడితే ఆసనం అంచు చీలుతుంది. దీన్ని ఫిషర్ అంటారు. కోసినట్టు మంట, రెండు చుక్కల ఎర్రటి రక్తం. మనవాళ్ళు దీన్నీ మొలలే అంటారు. మొలలంటే ఉబ్బిన రక్తనాళాలు, ఇది పుండు. నొప్పికి అక్కడి కండరం బిగుసుకుంటుంది, రక్తం సరిగా అందదు, పుండు మానదు. భయపడి దొడ్డికి పోవడం వాయిదా వేస్తే మలం రాయవుతుంది, చీలిక మళ్ళీ తెరుచుకుంటుంది.

కనుక ముందు మలం మెత్తబడాలి. ఇసబ్‌గోల్ (ఫార్సీలో ‘గుర్రం చెవి’ అని అర్థం) పెద్ద గ్లాసు నీళ్ళలో కలిపి వెంటనే తాగాలి. నీళ్ళు తక్కువైతే మేలుకు బదులు కీడే. రంజాన్‌లో ఇఫ్తార్ నుంచి సహరీ దాకా కొద్దికొద్దిగా నీళ్ళు తాగుతూ ఉండండి. బిర్యానీ తినండి, కాదనను. పక్కన ఆకుకూర, జామపండు కూడా ఉండనివ్వండి. గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో 10, 15 నిమిషాలు కూర్చుంటే కండరం సడలుతుంది.

కొత్త చీలికలు చాలావరకు 6 నుంచి 8 వారాల్లో మానతాయి. మానకపోతే డాక్టరు రాసే పూతమందు ఉంది, ఆపైన చిన్న ఆపరేషన్. గోడల మీద ‘గ్యారంటీ వైద్యం’ అని రాసుకున్నవాళ్ళ చేత మాత్రం కోయించుకోకండి. మలం నల్లగా పోతున్నా, ఊరికే బరువు తగ్గుతున్నా, రక్తం ఆగకపోయినా అది చీలికేనని సరిపెట్టుకోక, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.