దంతస్థాపనలో రెండవ శస్త్రచికిత్స
(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



పన్ను ఊడినచోట దవడయెముకలో టైటానియపు మరను నాటి, దానిపై కృత్రిమ దంతమును నిలుపు వైద్యము నేడు మన పట్టణములందును లభించుచున్నది. దీనిని ఇంప్లాంటు అందురు. మొదటి శస్త్రచికిత్సను గూర్చి అందరును అడుగుదురు. రెండవదానిని గూర్చి అడుగువారు అరుదు. నొప్పి లేదు గనుక పని ముగిసినదని తలచి, వైద్యుని కడకు మరల పోనివారును గలరు. కావున ఆ రెండవ ఘట్టమునే నేడు మీకు విన్నవింప దలచితిమి.

ఈ విద్యకు మూలపురుషుడు స్వీడను దేశీయుడగు బ్రోనెమార్క్. 1950 దశకమున ఆయన ఎముకలో రక్తప్రసారమును పరిశీలించుటకై కుందేటి కాలియెముకలో టైటానియపు పరికరమును అమర్చెను. పిదప తీయబోగా అది యెముకతో ఏకమై ఊడి రాలేదు. ఆ చిక్కే లోకమునకు మేలైనది. 1965లో గోస్తా లార్సన్ అను రోగి క్రింది దవడలో ఇట్టి మరలను నాటిరి. 2006లో ఆయన మరణించువరకు అవి నిలిచినవి.

ఆ పద్ధతిలో మరను నాటి, పైన చిన్న మూతమర బిగించి, చిగురును కుట్టివేయుదురు. క్రింది దవడకు సుమారు 3 మాసములు, యెముక మెత్తనిదగు పై దవడకు సుమారు 6 మాసములు విడుచుట పూర్వ నియమము. నేడు మరల ఉపరితలము మెరుగుపడుటచే అనేకులకు గడువు తగ్గినది. కొందరికి ఒకే విడత చాలును. ఎవరికేది తగునో వైద్యుడే నిర్ణయింపవలెను.

గడువు తీరిన పిదప స్థానికముగా మత్తునిచ్చి, చిగురు తెరచి, మూతమర తీసి, చిగురుపైకి కనబడు చిన్న లోహపు దిమ్మెను బిగింతురు. చిగురు దానిచుట్టు మానును. గట్టి చిగురు సమృద్ధిగా నున్నచో గుండ్రని కత్తితో చిల్లు చేసినను చాలును, రక్తస్రావము స్వల్పము. కాని అంతమేరకు చిగురు పోవును. కొరతగా నున్నచో నడుమ గాటుపెట్టి ఇరువైపులకు జరుపుదురు, లేదా అంగిలినుండి తునక తెచ్చి అతుకుదురు. మరచుట్టు సుమారు 2 మిల్లీమీటర్ల గట్టి చిగురున్నచో బ్రష్షుతో తోముకొనుట సుకరము. తోమలేనిచోట పాచి చేరును. పాచి వలన వాపు, వాపు వలన యెముక నష్టము కలుగును.

మర కదలుచున్నదా యనునదియు అప్పుడే తెలియును. కదలినచో దానిని తీసివేసి, ఎముక మానిన పిదప మరల యత్నింతురు. దంతము కట్టించిన తరువాత తెలియుటకంటె ఇది మేలు.

ఇక రోగి విధులు. మధుమేహమును, రక్తము పలుచబరచు మందులను, ఎముకల బలమునకై వాడు మందులను ముందుగనే తెలుపవలెను. వేనిని స్వయముగా మానరాదు. మత్తు దిగువరకు పెదవి కొరుకుకొనకుండ జాగ్రత్తపడవలెను. కొన్నాళ్లు మెత్తని ఆహారము తిని, వైద్యుడు చెప్పిన క్లోర్‌హెక్సిడిన్ ద్రావకముతో పుక్కిలింపవలెను. బీడీ, చుట్ట, ఖైనీ మానవలెను. దిమ్మె వదులైనచో వ్రేలితో త్రిప్పక వెంటనే వైద్యుని చూడవలెను. అది ఊడిపోయినచో కొలది దినములలోనే చిగురు మూసికొని, మరల కోయవలసి వచ్చును. కొన్ని వారములకు చిగురు కుదురుకొన్న పిదప అచ్చు తీసి దంతము కట్టుదురు.

తుదకొక మాట. మనము పొరుగు భాషల నడుమ బ్రతుకువారము. ఆ భాష మాటలాడ వచ్చినను లిపి చదువజాలని వృద్ధులు మన యిండ్లలో గలరు. సమ్మతిపత్రమును ఇంటివారొకరు చదివి తెలుగున చెప్పిన పిదపనే వారిచే సంతకము చేయింపుడు. నాటిన మర పేరును, కొలతను, తేదీని వ్రాయించుకొని భద్రపరచుడు. ఒక కంపెనీ మరకు వేరొక కంపెనీ దిమ్మె సాధారణముగ సరిపడదు. పదేండ్లకు పరవూర వైద్యుని యెదుట నోరు తెరచినప్పుడు ఆ చీటియే మీకు అక్కరకు వచ్చును.